అందరికీ ఒకటే ఫోల్డర్

మా చక్రవర్తి గారికి వంట రాదు కాబట్టి లోకం బతికిపోయింది. వచ్చుంటే పప్పు, పాయసం, చేపల పులుసు ఒకే గిన్నెలో పోసి, "చూశారా, ఏకరూపం!" అని మురిసిపోయేవారు. ఆయన మా కంపెనీలో పెద్ద తలకాయ. నేను మంగవేణిని, టెస్టింగ్ విభాగం. వాళ్ళు వండినదాన్ని ముందుగా నోట్లో పెట్టుకుని, బాగోలేదని చెప్పి, చీవాట్లు తినడం నా ఉద్యోగం.

మేం తయారుచేసేదాని పేరు 'చేరవేత'. ఒకప్పుడది ఫోన్ నుంచి ఫోన్‌కి ఫొటోలు, సినిమాలు పంపే మామూలు సాఫ్ట్‌వేర్. ఇప్పుడు తల నుంచి తలకి జ్ఞాపకాలు పంపుతుంది. పంపేవాళ్ళ నుదుటికొక పట్టీ, పుచ్చుకునేవాళ్ళ నుదుటికొక పట్టీ. పంపేవాళ్ళు ఒక మనిషిని తలుచుకుంటూ కూర్చుంటే, ఆ మనిషి గురించి వాళ్ళకు గుర్తున్నదంతా ఇవతలి తలలోకి నకలుగా దిగుతుంది. అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది. జనం ఎగబడ్డారు. ఎగబడరూ మరి! సొంత జీవితంలో చెప్పుకోదగ్గదేమీ లేనివాళ్ళకి పక్కవాడి జీవితం పళ్ళెంలో పెట్టి ఇస్తామంటే వద్దంటారా?

అయితే ఒక తంటా వచ్చిపడింది. చేరవేత మూడు రకాలు. ఫోన్‌లోది, కంప్యూటర్‌లోది, ఆస్పత్రి మిషన్‌లోది. ఒక్కోదాన్ని ఒక్కో జట్టు తయారుచేసింది. ఆ మూడు జట్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న పాపాన పోలేదు. అందుకని ఒకే జ్ఞాపకం మూడింట్లోనూ మూడు చోట్ల దిగేది.

పరీక్ష కోసం మా పక్క సీటు దామోదర్ తన పెద్దనాన్నని నాకు పంపాడు. ముందు ఫోన్‌లో దించుకున్నాను. అంతే, నా మోకాలు భగ్గుమంది. బీచ్ రోడ్డు మీద సైకిల్ నేర్చుకుంటూ పడ్డది నేనే. చుట్ట వాసన కొడుతూ వంగి నా మోకాలి మీద ఊదింది నా పెద్దనాన్నే. నాకసలు పెద్దనాన్న లేడు. అయినా ఆయన చచ్చిపోయాడని గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. దాన్ని చెరిపించుకుని, మళ్ళీ ఆస్పత్రి మిషన్‌లో దించుకున్నాను. ఈసారి కన్నీళ్ళు లేవు. దామోదర్‌కి ఒక మంచి పెద్దనాన్న ఉండేవాడట, సైకిల్ నేర్పాడట అని, వాడు టీ తాగుతూ చెప్పిన ముచ్చటలా తెలిసింది. మొదటిది 'నావి' అనే ఫోల్డర్‌లో దిగింది, రెండోది 'విన్నవి' అనే ఫోల్డర్‌లో. కంప్యూటర్ రకం మాత్రం బుద్ధిగా "ఎక్కడ దించమంటారు?" అని అడిగేది. ఎందులో దించుకున్నా ఒకటి మాత్రం సమానం. పెద్దనాన్న ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. పక్కన నిలబడి నవ్విన ఆడవాళ్ళకు గొంతులున్నాయి కానీ మొహాలు లేవు, పేర్లు లేవు. చేరవేత ఒకసారికి ఒక్క మనిషినే తెస్తుంది, మిగతావాళ్ళు నీడలు.

ఫిర్యాదులు మొదలయ్యాయి. "మా నాయనమ్మని ఫోన్‌లో దించుకుంటే నాకు ఏడుపొచ్చింది, ఆస్పత్రిలో దించుకున్న మా అన్నయ్యకి ఏమీ రాలేదు, ఇదేం పక్షపాతం?" అని ఒకాయన. ఏడుపు చాలలేదని ఫిర్యాదు! ఇలాంటి వాళ్ళ కోసమే కదా మా చక్రవర్తి గారు పుట్టింది.

ఆయన మీటింగ్ పెట్టారు. "ఒకే వస్తువు మూడు చోట్ల దిగుతుందా? సిగ్గుచేటు. డౌన్‌లోడ్ ఫోల్డర్ అంటే ఒకటే ఉండాలి. ఇకనుంచి అందరికీ, అన్నిట్లో 'నావి'."

"కంప్యూటర్ రకంలో అడుగుతున్నాం కదండీ. మిగతా రెండింట్లోనూ అలాగే అడుగుదాం. అదీ ఏకరూపమే," అన్నాను.

"ప్రశ్న అడిగితే కస్టమర్ పారిపోతాడమ్మా. వాడికి ఆలోచించే పని పెట్టకూడదు."

ఆ గదిలో ఎవరూ ఆ పని పెట్టుకోలేదని తెలుస్తూనే ఉంది. అందరూ తలలూపారు. గంగిరెద్దు నయం, తల ఊపినందుకు కనీసం పాత బట్టలు పెడతారు.

నేను ఊరుకోలేదు. "ఇంకో లోపం ఉంది సార్. పుచ్చుకునేవాళ్ళ 'నావి'లో అదే మనిషి ముందే ఉంటే, ఒకే మొహంతో రెండు ఫైళ్ళవుతాయి. అప్పుడు మన సాఫ్ట్‌వేర్ పేరున్నదాన్ని ఉంచి, పేరు లేనిదాన్ని చెత్త కింద తుడిచేస్తోంది."

"పేరు లేకుండా ఎందుకుంటుంది? మొదలుపెట్టేముందు 'వారిని ఏ పేరుతో పిలుస్తారు' అని ఆపరేటర్ ఇద్దర్నీ అడుగుతాడుగా."

"అడిగితే మన ఆడవాళ్ళు మొగుడి పేరు చెబుతారా? ఆయన, మావారు, పిల్లల నాన్న... ఇంతేగా. నోటితోనే కాదు, మనసులో కూడా పేరు పెట్టి అనుకోరు."

"ఏ కాలంలో ఉన్నావమ్మా!" అని ఆయన పకపకా నవ్వారు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఎక్కడ నొక్కబోయి ఎక్కడ నొక్కారో, గదంతా వినబడింది. "ఏవండీ, వస్తూ వస్తూ కొత్తిమీర కట్ట తెండి." ఆయన గొంతు సవరించుకుని ఫోన్ బోర్లించారు. 'ఏవండీ' అన్నది తన పేరే అని ఆయన ఉద్దేశం కాబోలు. నేను రాసిన లోపం మీద మర్నాడు "లోపం కాదు, పద్ధతి" అని కొట్టేసి ఉంది.

ఒక్క మాట మాత్రం ఇచ్చారు. ముందు కంప్యూటర్లలో మారుస్తాం, ఆస్పత్రి మిషన్ల జోలికి ఇప్పట్లో వెళ్ళం అన్నారు. ఆ మాట పట్టుకునే నేను మా చెల్లెల్ని ఆస్పత్రికి పొమ్మన్నాను.

మా చెల్లెలు నూకరత్నం గాజువాకలో ఉంటుంది, అత్తగారితో. దాని మొగుడు పైడిరాజు పోర్టులో క్రేన్ నడిపేవాడు. కిందటి వేసవిలో డ్యూటీలో ఉండగానే గుండె పట్టేసి పోయాడు. పిల్లల్లేరు. అత్త సన్యాసమ్మని వదిలి పుట్టింటికి రమ్మంటే రత్నం రానంది. "ఆయనమ్మ కాడే ఉంటాను. ఆయన గురించి మాటాడుకోడానికి ఇంకెవులున్నారు?" అంది.

ఇప్పుడా సన్యాసమ్మకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. టీలో ఉప్పు వేస్తోంది, పక్కింటి తలుపు తీసి మా ఇల్లేనంటోంది. నేను వెళ్ళిన ఆదివారం నాడు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"అక్కా, ఆయన సిన్నప్పటి ముచ్చట్లన్నీ అత్త కాడే ఉన్నాయి. ఈవిడ మర్సిపోయినాదంటే ఇంకెవులికీ తెలీవు. మీ ఆఫీసోళ్ళ పట్టీతో నాను తీసీసుకుంటాను," అంది రత్నం.

"అవునే మంగా," అంది సన్యాసమ్మ. "నా గుంటడు తొలిపాలి నడిసింది, చెరువుగట్టు మీద జారి పడింది, అన్నీ నా బుర్రలో కరిగిపోతన్నాయి. ఇది దాసుకుంటాదంటే ఇచ్చీస్తాను. నాను పోయేక నా కొడుకుని తల్సుకునేదానికి ఒకర్తి ఉండాల."

నాకు భయమేసింది. రత్నం సంగతి నాకు తెలుసు. మొగుడి పేరు అది పలికింది జన్మకొక్కసారే. పెళ్ళయి అత్తారింటికి వచ్చిన రోజు వరసకి ఆడపడుచైన ఒకావిడ గుమ్మానికడ్డంగా నిలబడి, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తానంది. పైడిరాజు గబుక్కున చెప్పేశాడు. ఇది తల వంచుకుని, పూలజడలో మొహం దాచుకుని, అలా నిలబడిపోయింది. పక్కనున్న నేను గిల్లితే గానీ నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఎక్కడ పేరు అడిగినా నన్ను మోచేత్తో పొడిచి నాచేత చెప్పించేది. బతికున్న రోజుల్లో ఆయనొక్కడే 'ఆయన'. పోయాక కూడా ఆయనే 'ఆయన'.

"ఫోన్‌లో వద్దు. ఆస్పత్రి మిషన్‌లోనే చేయించుకో. అందులో విన్న ముచ్చటలా వచ్చి ఓ పక్కన ఉంటుంది, నీ వాటి జోలికి రాదు," అని పదిసార్లు చెప్పాను.

"అలగేనక్కా. నావి నాకుండాల గదా," అంది. అని, చిక్కుడుకాయ తుంచుతూ తనలో తనే నవ్వుకుంది. ఏ ముచ్చట గుర్తొచ్చిందో అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి నాకెందుకనుకున్నాను.

వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళిన రోజున మా ఆఫీసులో కేకు కోశారు. ఇంత పెద్ద కేకు, దాని మీద క్రీముతో 'అందరికీ ఒకటే ఫోల్డర్' అని రాసి ఉంది. చక్రవర్తి గారు కత్తి పట్టుకుని ఫొటోకి నిలబడ్డారు.

"ఏమిటండీ సంబరం?" అన్నాను.

"ఏకరూపం అయిపోయిందమ్మా! మూడు రకాలూ ఒక్కసారే మార్చేశాం. కంప్యూటర్లు ముందు, ఆస్పత్రులు తర్వాత అంటే అదేం ఏకరూపం? మార్పు కూడా ఏకరూపంగా ఉండాలి కదా."

"ఆస్పత్రి మిషన్లు కూడానా? ఎప్పుడు?"

"పొద్దున్నే," అని కేకు ముక్క నా నోటి దగ్గర పెట్టబోయారు.

ఆ చెయ్యి తోసేసి పరుగెత్తాను. ఆటోలో కూర్చుని రత్నానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. పట్టీ కట్టేటప్పుడు ఫోన్లు బయట పెట్టిస్తారని ఆ నిబంధన రాసినవాళ్ళలో ఒకర్తినైన నాకు తెలీదా! అయినా చేస్తూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. రత్నం బల్ల మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, మెల్లగా నవ్వుతోంది. మొగుడు పోయాక దాని మొహంలో అంత శాంతి నేను చూడలేదు. పట్టీ విప్పుతున్న ఆపరేటరమ్మని పక్కకి లాగి అడిగాను, "పేరేమని చెప్పింది?"

"పెద్దావిడ 'నా కొడుకు పైడిరాజు' అన్నారండి. ఈవిడ్ని అడిగితే 'ఏటని పిలుస్తానండి, ఆయన్ని ఆయనే అంటాను' అని సిగ్గుపడిపోయారు. సరేలే అని ఖాళీ వదిలేశాను. ఖాళీ వదిలినా ముందుకెళ్తోంది కదండీ," అంది ఆ పిల్ల. దాని మెళ్ళో కొత్త నల్లపూసలు. ఇదీ ఇంటికెళ్ళి మొగుణ్ణి 'బావా' అనే రకమే. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది. కానీ ఆలోచించే పని పెట్టకూడదని మేమే నేర్పించాం కదా!

"రత్నం," అన్నాను దాని పక్కన కూలబడి. "పైడిరాజు గుర్తున్నాడా?"

"అదేటక్కా అలగంటావు? కన్నకొడుకుని మర్సిపోతానా?" అంది.

ఆ మాట విని సన్యాసమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. రత్నం ఏ తడబాటూ లేకుండా ఆ పేరు పలుకుతూనే ఉంది. పైడిరాజు నడిచాడు, పైడిరాజు జారిపడ్డాడు, పైడిరాజుకి ఉగ్గు పట్టాను... జన్మకొక్కసారి పలికిన పేరు అరగంటలో ఎన్నిసార్లు పలికిందో! దాని ఒళ్ళో లేని పిల్లాడిని పట్టుకున్నట్టు చేతులు వాటంతటవే వంకర తిరుగుతున్నాయి.

ఇంటికి తీసుకొచ్చాక గోడ మీది పెళ్ళి ఫొటో చూపించాను. పైడిరాజు పక్కన పట్టుచీరలో, బాసికంతో, అదే. రత్నం దగ్గరకెళ్ళి చూసి, "నా కోడలు అచ్చం నా పోలికే గదక్కా? మేనరికమే అయ్యుంటాది. మనింటి పిల్లనే సేసుకున్నాడు, మంచోడు," అంది.

"ఒసే, నీకంటే ఆయన ఆరేళ్ళు పెద్దోడే. ఎలా కంటావే?" అని అరిచాను. దానికి కళ్ళు తిరిగాయి. తల పట్టుకుని అక్కడే వాంతి చేసుకుంది. ఇలా లెక్కలడిగి కంగారు పెడితే ఉన్నది కూడా చెదిరిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాక మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

సన్యాసమ్మ నన్ను వీధిలోకి లాక్కొచ్చింది. "ఏటే మంగా ఇది? నాను కొడుకు ముచ్చట్లు ఇచ్చినాను గానీ తల్లితనం ఇచ్చినానా? పెళ్ళాన్ని తీసీసి తల్లిని సేసీనారు గదే మీ ఆఫీసోళ్ళు! ఆడికి ఒక తల్లి సాల్దా? ఇప్పుడు నా కొడుక్కి పెళ్ళామేదే?" అని నా జబ్బలు పట్టుకుని ఊపేసింది. మతి పోతున్న మనిషికి తెలిసిన సంగతి మా మహా మేధావులకి తెలియలేదు.

మర్నాడు చక్రవర్తి గారి గదికి వెళ్ళాను. కేకు ఇంకా మిగిలే ఉంది.

"తుడిచేసినవి ఎక్కడ పడ్డాయో చెప్పండి. నేనే ఏరుకుంటాను," అన్నాను.

"ఎక్కడా పడవమ్మా. ఇదివరకు ఒక రకంలో చెత్తబుట్ట ఉండేది, రెండింట్లో ఉండేది కాదు. ఆ తేడా కూడా తీసేశాం. ఇప్పుడెందులోనూ లేదు."

"మా చెల్లెలి కాపురం అండీ అది. దాని మొగుడితో అది బతికిన బతుకంతా. నీళ్ళ బిందె దగ్గర ఆయన ఏమన్నాడో, ఏ రోజు అలిగిందో, చివరి రోజు క్యారేజీలో ఏం పెట్టి పంపిందో... దానికి తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. ఇప్పుడు దానికీ తెలీదు."

ఆయన తెర నావైపు తిప్పారు. 'మా సేవ ఎలా ఉంది' అని అడిగితే ఆస్పత్రిలో రత్నం బయటికి వస్తూ నొక్కిన నవ్వుమొహం బొమ్మ అందులో ఉంది. "చూడు. ఆవిడ చాలా సంతృప్తిగా ఉంది. బాధగా ఉన్నది నువ్వు. ఆవిడ కాదు."

ఎద్దు పుండు కాకికి నొప్పా? ఉమ్మేద్దామనిపించింది. ఉమ్మేదాన్నే, కానీ ఆ మొహం మీద ఉమ్మితే ఇంకో మొహం మీద కూడా ఉమ్మాలి, లేకపోతే ఏకరూపం ఉండదంటారేమోనని మింగేశాను. ఎదురుగా ఉన్న కేకు పళ్ళెం తీసి ఆయన కీబోర్డు మీద బోర్లించి, మెడలో కార్డు తీసి దాని మీద పడేసి వచ్చేశాను. వెనకనుంచి "మంగవేణీ, ఏమిటిది!" అని కేకలు. అయ్యో, పేరు పెట్టి పిలిచారు పాపం. నా ఫైలు భద్రంగానే ఉంటుంది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గాజువాక వెళ్తున్నాను. నాకు తోచిన మందు ఒక్కటే. నోటితో చెబితే చేరేది 'విన్నవి'లోకే. తలలకీ చెవులకీ ఉన్న ఆ పాత దారిని మార్చడం చక్రవర్తి గారి తాత వల్ల కూడా కాదు. రత్నం నాతో చెప్పుకున్నవి, నేను కళ్ళారా చూసినవి ఒక్కొక్కటే దానికి చెబుతాను. పైడిరాజనే ఒకాయన, ఆయన భార్య. ఆ భార్య పేరు చెప్పను, ఎవరో పిల్ల అంటాను. విన్న ముచ్చటగానైనా ఉండనీ, దాని కాపురం దాని తలలో ఏదో ఒక మూల ఉండనీ అని నా ఆశ. సన్యాసమ్మ పక్కనే గోడకానుకుని వింటుంది. కొన్ని రోజులు ఆవిడకి ఎవరి గురించో తెలుస్తుంది, కొన్ని రోజులు తెలియదు.

నిన్న గుమ్మం దగ్గర సంగతి చెప్పాను. ఆడపడుచు అడ్డం నిలబడింది. పెళ్ళికొడుకు పేరు చెప్పేశాడు. పిల్ల మాత్రం నోరు విప్పదు. అందరూ నవ్వుతున్నారు, మేళం వాళ్ళు కూడా ఆపేసి చూస్తున్నారు.

"అప్పుడు పక్కనున్న అక్క గిల్లితే, 'నానూ పైడిరాజు గారూ వొచ్చినాం, దారి వొదులు వదినా' అంది," అన్నాను.

రత్నం కళ్ళు మెరిశాయి. నా చెయ్యి పట్టుకుంది. గుర్తొచ్చిందనే అనుకున్నాను.

"నాకు గురుతే గదక్కా! నాను లోపలే ఉన్నాను, హారతి పళ్ళెం పట్టుకోని. కర్పూరం అయిపోతన్నాది, బేగి సెప్పవే తల్లీ అని లోపల్నించి అనుకుంటన్నాను. ఎంత సన్నటి గొంతో దానిది!"

సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పళ్ళెం పట్టుకున్నది ఆవిడ.

"ఆ పిల్ల మొహం చూశావా?" అన్నాను.

"ఎక్కడ కనిపించినాది? తలొంచుకునే ఉన్నాది, పువ్వులు అడ్డొచ్చీసినాయి." రత్నం నా చేతిని ఒళ్ళోకి తీసుకుని నిమురుతూ అడిగింది. "అక్కా, నా కొడుకు పోయేక ఆ గుంట ఏటైపోనాది? ఒక్కపాలైనా గుమ్మం తొక్కలేదు. ఎక్కడ కూకోని ఏడస్తన్నాదో. నువ్వెరిగుంటే తీసుకురాయే. నా కాడే ఉంచుకుంటాను. పాపం, దానికి నాను తప్ప ఎవులున్నారు?"